కాలనీలో మెల్లగా తొక్కే సైకిల్‌కు కూడా హెల్మెట్ కావాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 54. గుండెకు స్టెంట్ వేశాక డాక్టర్ సలహాతో గేర్ల సైకిల్ కొన్నారు. రోజూ తెల్లవారగానే నిజాంపేట కాలనీ వీధుల్లో గంటకు 12, 15 కిలోమీటర్ల వేగంతో తొక్కి, వచ్చేటప్పుడు పాలు, ఆకుకూరలు తెచ్చుకుంటారు. హెల్మెట్ పెట్టుకోమని ఇంట్లో రోజూ పోరు. "మెయిన్ రోడ్డు ఎక్కను, స్పీడు పోను, పోలీసులు కూడా అడగరు. అయినా అవసరమా? తప్పదంటే ఇంట్లో ఉన్న స్కూటర్ హెల్మెట్ చాలదా? కొనాలంటే ఏది కొనాలి? ఆదివారాలు మనవణ్ణి కూడా ఎక్కించుకుంటాను, వాడికీ కావాలా?"

అవసరమే. పైగా మీరు వద్దనుకుంటున్న ఆ చిన్న రైడ్‌కే హెల్మెట్ బాగా పనికొస్తుంది. లోనావాలా ఘాట్ దిగేవాడికి కావాలి, పాల ప్యాకెట్ కోసం వెళ్లేవాడికి ఎందుకు అనుకుంటారు చాలామంది. లెక్క చూస్తే వ్యవహారం అలా లేదు.

యూరప్‌లో అమ్మే సైకిల్ హెల్మెట్లన్నీ ఈఎన్ 1078 అనే ప్రమాణం ప్రకారం పరీక్షకు నిలవాలి. మన దగ్గర పెద్ద స్పోర్ట్స్ షాపుల్లో దొరికే వాటి లోపల కూడా ఎక్కువగా ఈ స్టిక్కరే ఉంటుంది. పరీక్షలో ఒక తల బొమ్మకు హెల్మెట్ తొడిగి, చదునైన ఇనుప దిమ్మ మీద సెకనుకు 5.42 మీటర్ల వేగంతో పడేలా వదులుతారు. అంటే గంటకు సుమారు 19.5 కిలోమీటర్లు. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే పదో తరగతి ఫిజిక్స్ చాలు. ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి ఏది వదిలినా నేలను తాకేటప్పటికి ఆ వేగమే ఉంటుంది. అమెరికా వాళ్ల సీపీఎస్‌సీ ప్రమాణం ఇంకొంచెం గట్టిది. 2 మీటర్ల ఎత్తు నుంచి, అంటే గంటకు 22 కిలోమీటర్ల వేగంతో పడేస్తారు.

ఇప్పుడు మీరు సైకిల్ ఎక్కి, ఎవరినైనా టేపుతో మీ తల ఎత్తు కొలవమనండి. నేల నుంచి ఒకటిన్నర మీటరు పైనే వస్తుంది. సైకిల్ నిలబడి ఉండగానే కాలు జారి పక్కకు ఒరిగిపోయి, చెయ్యి ఆనించుకునే వీలు లేకపోతే, తల నేలను తాకేసరికి దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అప్పటికి స్పీడోమీటర్ సున్నా చూపిస్తూ ఉంటుంది. "నేను స్పీడు పోను" అనే మాట మోకాలి చర్మం విషయంలో నిజం, జబ్బ ఎముక విషయంలో కొంత నిజం. తల విషయంలో దానికి పెద్ద విలువ లేదు.

"లారీ గుద్దితే ఈ థర్మకోల్ ముక్క ఏం చేస్తుంది?" అని మీ వాకింగ్ మిత్రులు అన్నారని రాశారు. చాలా తక్కువే చేస్తుంది, వాళ్లు అన్నదాంట్లో తప్పు లేదు. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే టిప్పర్‌ను దృష్టిలో పెట్టుకుని దీన్ని తయారు చెయ్యలేదు. మనిషి తన ఎత్తు నుంచి తాను పడిపోవడాన్ని దృష్టిలో పెట్టుకుని చేశారు. మరి సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కువగా ఎలా పడతారు? లారీ కింద కాదు. పొద్దున పూట తిరిగే గుంపుల్లో ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, పడ్డవాళ్లలో చాలామందికి పక్కన ఇంకో వాహనమే ఉండదు.

మొదటి కారణం మీరే రాశారు: పాలు, ఆకుకూరలు. సంచీ హ్యాండిల్‌కు తగిలించి వస్తారు కదా? అది ఊగి ముందు చక్రం పుల్లల్లో ఇరుక్కుంటే చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, మనిషి హ్యాండిల్ మీదుగా తల ముందుగా వెళ్లి పడతాడు. అలా పడేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి, విడిపించుకునే సమయం కూడా దొరకదు. హెల్మెట్ కొన్నా కొనకపోయినా రేపటి నుంచి ఆ సంచీని వెనక క్యారియర్‌కు కట్టండి, లేదా వీపుకు బ్యాగ్ వేసుకోండి.

రెండోది ముందు బ్రేక్. మీ వయసు వాళ్లంతా రాడ్ బ్రేకుల సైకిళ్ల మీద నేర్చుకున్నవాళ్లే. ఆ బ్రేక్ ఎంత నొక్కినా సైకిల్ తీరిగ్గా ఆగేది. ఇప్పటి డిస్క్ బ్రేక్ అలా కాదు, రెండు వేళ్లతో పట్టుకుంటుంది. కుక్క అడ్డం వచ్చిందని పాత అలవాటు కొద్దీ కుడిచేతిది గట్టిగా నొక్కితే ముందు చక్రం నిలబడిపోతుంది. ఇక మన కాలనీల సంగతి మీకు తెలిసిందే. రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు, అపార్ట్‌మెంట్ కడుతున్న చోట రోడ్డు మీదకు పారిన ఇసుక, రెడీమిక్స్ లారీ ఒలకబోసి గట్టిపడిన కాంక్రీటు, వాన పడ్డాక నున్నగా జారే మ్యాన్‌హోల్ మూతలు, సైకిల్ దారికి సమాంతరంగా కడ్డీలు ఉన్న డ్రైనేజీ జాలీలు. ఆగి ఉన్న కారు తలుపు తటాలున తెరుచుకోవడం వీటికి అదనం. ఇవన్నీ 12 కిలోమీటర్ల వేగంలోనే పడేస్తాయి. సోలార్ పైకప్పుతో ఔటర్ రింగ్ రోడ్ పక్కన వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద కార్లు రావు. అక్కడ కూడా పక్కవాడి హ్యాండిల్ తగిలి పడేవాళ్లు ఉంటారు.

హెల్మెట్ లోపల ఉండేది టీవీ డబ్బాలో వచ్చే థర్మకోల్ జాతే, కాకపోతే బాగా చిక్కనిది. తల నేలకు తగిలినప్పుడు అది నలుగుతుంది. నలగడమే దాని పని. కపాలం నేరుగా సిమెంటును తాకితే ఆగడానికి దొరికే దూరం ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఆ థర్మకోల్ ఒక 20 మిల్లీమీటర్లు నలిగితే అదే వేగం పది రెట్లు ఎక్కువ దూరంలో తగ్గుతుంది, కాబట్టి మెదడు మీద పడే తాకిడి మోటుగా పదో వంతుకు వస్తుంది. ఇందులో మాయేమీ లేదు, దూరం కొంటున్నామంతే.

పరిశోధనల మాటకొస్తే, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో 40 అధ్యయనాలను కలిపి లెక్క కట్టారు. 64 వేల మందికి పైగా గాయపడిన సైక్లిస్టుల వివరాలవి. హెల్మెట్ ఉన్నవాళ్లకు తలకు తీవ్రమైన గాయం అయ్యే అవకాశం సుమారు 69 శాతం, తల గాయంతో చనిపోయే అవకాశం సుమారు 65 శాతం తక్కువని తేలింది. హెల్మెట్ బరువుకు మెడ విరుగుతుందని ఒక ప్రచారం ఉంది. మెడ గాయాల్లో తేడా ఏమీ కనబడలేదు. ఇలాంటి అధ్యయనాల మీద విమర్శలు లేకపోలేదు, హెల్మెట్ పెట్టుకునేవాడు మామూలుగానే జాగ్రత్తపరుడై ఉండొచ్చు. ఆ మేరకు అంకెలు కొంచెం తగ్గించి చూసినా మిగిలేది తక్కువేం కాదు.

హెల్మెట్ వద్దనే వాదనల్లో నాకు సరదాగా అనిపించేది ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ వాకర్ చేసిన ప్రయోగం. తన సైకిల్‌కు సెన్సర్ బిగించుకుని, పక్క నుంచి వెళ్లే వాహనాలు ఎంత దూరంలో వెళ్తున్నాయో కొలిచాడు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా వచ్చాయట. పొడుగు జుట్టు విగ్గు పెట్టుకుంటే ఇంకా ఎక్కువ దూరం ఇచ్చారట. 2007లో వచ్చిన ఈ ఫలితం చూపించి హెల్మెట్ వల్లే ప్రమాదం అనేవాళ్లున్నారు. ఆ గణాంకాలను మళ్లీ విశ్లేషించిన ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ తేడాకు అంత అర్థం లేదన్నారు. మన ఆటోలు ఇచ్చే దూరంలో 8 సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే ఎవరు గమనించారు!

నెదర్లాండ్స్‌లో ఎవరూ పెట్టుకోరు కదా అన్నారు. నిజమే. వాళ్లకు ఊరంతా విడిగా వేసిన సైకిల్ దారులున్నాయి, కారు నడిపేవాడు కూడా చిన్నప్పటి నుంచి సైకిల్ తొక్కినవాడే. ఆ దారులు మనకు వచ్చిన రోజు ఈ చర్చ మళ్లీ చేద్దాం. అక్కడ కూడా రేసింగ్ సైకిల్ ఎక్కేవాళ్లు హెల్మెట్ లేకుండా అరుదుగా కనిపిస్తారు.

చట్టం గురించి నా అభిప్రాయం వేరు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెప్పే హెల్మెట్ మోటార్ సైకిళ్లకు సంబంధించింది, మామూలు సైకిల్‌కు వర్తించదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990 జూలైలో, న్యూజిలాండ్ 1994లో సైక్లిస్టులకు తప్పనిసరి చేశాయి. మన దేశంలో అలా చెయ్యకూడదనే అంటాను. తెల్లవారుజామున పేపరు వేసే కుర్రాడు, సైట్‌కు వెళ్లే కూలీ, వాచ్‌మన్ డ్యూటీకి వెళ్లే పెద్దాయన, వీళ్లే మన రోడ్ల మీద అసలు సైక్లిస్టులు. వాళ్ల దగ్గర చలానా వసూలు చేస్తే సైకిల్ మూలన పడుతుంది తప్ప తల క్షేమంగా ఉండదు. కానీ చట్టం అడగకపోవడం వేరు, అవసరం లేకపోవడం వేరు. వేలు పోసి గేర్ల సైకిల్ కొన్నవాళ్లు "పేపర్ బాయ్ పెట్టుకుంటున్నాడా?" అని అడగడం మాత్రం నాకు మింగుడుపడదు.

ప్రొఫెషనల్ రేసర్లు కూడా మీలాగే మొండికేసినవాళ్లే. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తప్పనిసరి చెయ్యబోతే ఒప్పుకోలేదు. ఎండ, చెమట, బరువు, ఇవే కారణాలు. 2003 మార్చిలో పారిస్-నీస్ రేసులో కజకిస్తాన్ రేసర్ ఆంద్రే కివిలెవ్ పక్క రైడర్లతో తగులుకుని పడ్డాడు. నిటారు కొండ దిగుతూ కాదు, గుంపులో వెళ్తూ. అతనితో పాటు పడ్డ ఇద్దరూ లేచి రేసు కొనసాగించారు. హెల్మెట్ లేని కివిలెవ్ మర్నాడు చనిపోయాడు. అదే సంవత్సరం మే 5 నుంచి నిబంధన వచ్చింది. మొదట్లో చివరి కొండ ఎక్కుడు 5 కిలోమీటర్లకు మించి ఉంటే అక్కడ తీసేసే వెసులుబాటు ఇచ్చారు, తర్వాత అదీ ఎత్తేశారు. ఇప్పుడు ఏ రేసు చూసినా ఒక్క ఖాళీ తల కనపడదు.

ఇక మీ ప్రశ్నలో మీరు యథాలాపంగా రాసి వదిలేసిన ఒక మాట ఉంది, అసలు నేను ఇంత పొడుగు సమాధానం రాయడానికి అదే కారణం. స్టెంట్ వేశారంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రలు వాడుతూ ఉంటారు. అవి రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి, గుండెకు అదే కావాలి. తల లోపల చిన్న రక్తనాళం చిట్లితే మాత్రం అదే గుణం ఎదురు తిరుగుతుంది. పాతికేళ్ల కుర్రాడికి బొప్పితో పోయే దెబ్బ మీకు స్కానింగ్ దాకా వెళ్లొచ్చు. పైగా లోపలి రక్తస్రావం వెంటనే బయటపడదు. లేచి దుమ్ము దులుపుకుని, ఇంటికొచ్చి కాఫీ తాగి, కొన్ని గంటల తర్వాత తలనొప్పితో పడిపోయేవాళ్లున్నారు. అందుకే ఈ మాత్రలు వాడేవాళ్లు తలకు గట్టి దెబ్బ తగిలితే బాగానే ఉన్నట్టు అనిపించినా డాక్టర్‌కు చూపించుకోవాలి, మాత్రల పేర్లు ముందే చెప్పాలి. మాటిమాటికీ వాంతులు, మగత, తడబడే మాటలు, ఒక చెయ్యి లేదా కాలు బలహీనపడటం, ముక్కు చెవుల నుంచి రక్తం గానీ నీళ్లలాంటిది గానీ రావడం, వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యాలి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపెయ్యకండి.

స్కూటర్ హెల్మెట్ వద్దు. బలం తక్కువై కాదు. ఐఎస్ఐ గుర్తు ఉన్నది మన సైకిల్ హెల్మెట్ కంటే పెద్ద దెబ్బలే ఆపుతుంది. కానీ అది కిలోకు అటూ ఇటూ ఉంటుంది, సైకిల్‌ది పావు కిలో నుంచి మూడు వందల యాభై గ్రాములు. స్కూటర్ మీద ఇంజిన్ కష్టపడుతుంది, సైకిల్ మీద కష్టపడేది మీరు. ఆ మూసుకుపోయిన హెల్మెట్‌తో మే నెల హైదరాబాద్ ఉక్కలో పది నిమిషాలు తొక్కితే కళ్లు తిరుగుతాయి, వెనక వచ్చే బండి చప్పుడు కూడా సరిగ్గా వినపడదు. రెండు రోజులు పెట్టుకుని మూడో రోజు ఇంట్లో వదిలేస్తారు. బిల్డింగ్ పనుల టోపీ, పిల్లల స్కేటింగ్ సెట్‌తో వచ్చే పల్చటి ప్లాస్టిక్ చిప్ప, వీటి గురించి అసలు ఆలోచించొద్దు.

కొనేటప్పుడు లోపల ఈఎన్ 1078 అనో సీపీఎస్‌సీ అనో రాసుందో లేదో చూడండి. లేకపోతే ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. వెయ్యి, రెండు వేల రూపాయల మధ్య మీ పనికి సరిపోయేవి దొరుకుతాయి. పది వేల హెల్మెట్ కూడా పాసయ్యే పరీక్ష అదే. ఎక్కువ డబ్బు పెడితే బరువు తగ్గుతుంది, గాలి బాగా ఆడుతుంది. మిప్స్ అని పసుపు గుర్తు ఉన్నవి స్వీడన్ వాళ్లు కనిపెట్టిన పద్ధతిలో లోపల ఒక జారే పొర పెట్టి చేస్తారు. తల ఏటవాలుగా తగిలినప్పుడు మెదడు మెలి తిరగడం కొంత తగ్గించడానికి అది. బడ్జెట్ ఉంటే తీసుకోండి, లేదంటే దాని కోసం కొనడం వాయిదా వెయ్యకండి.

బ్రాండ్ కంటే ఎక్కువ సమయం సైజు మీద పెట్టండి. నేను గుంపులో చూసే తప్పుల్లో ముప్పాతిక వంతు ఇక్కడే. నుదుటి చుట్టూ, కనుబొమ్మలకు కాస్త పైన టేపు పెట్టి సెంటీమీటర్లలో కొలుచుకుని షాపుకు వెళ్లండి. తలమీద పెట్టాక హెల్మెట్ అంచు కనుబొమ్మకు రెండు వేళ్ల ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉండాలి. చాలామంది నుదురు మొత్తం కనపడేలా వెనక్కి నెట్టి పెట్టుకుంటారు. ముందుకు పడ్డప్పుడు మొదట తగిలేది నుదురే, అదే బయట ఉంటుంది. వెనక ఉన్న డయల్ తిప్పి బిగించాక, పట్టీలు పెట్టుకోకుండానే తల వంచి అటూ ఇటూ ఊపండి. ఊడి పడకూడదు. పట్టీలు రెండూ చెవి తమ్మె కిందుగా కలవాలి. గడ్డం కింద బకిల్ పెట్టాక ఒక వేలు దూరితే చాలు. నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్ నడినెత్తి మీద నొక్కినట్టు తెలియాలి. బకిల్ పెట్టకుండా తిరిగేవాళ్లకు నేను ఒకటే చెప్తాను, దాన్ని హ్యాండిల్‌కు తగిలించుకున్నా ఫలితం అదే.

మీ ఆవిడ కూడా తొక్కుతారని రాశారు. కొప్పు గానీ, నడినెత్తి మీద క్లిప్పు గానీ పెట్టుకుంటే హెల్మెట్ పైకి లేచి కూర్చుంటుంది, పడ్డప్పుడు ఆ క్లిప్పే గుచ్చుకుంటుంది. మెడ దగ్గర కిందకి జడ వేసుకుని, డయల్ కింద నుంచి బయటకు వదిలితే సరిపోతుంది. చున్నీ ముడివేసుకోమని కూడా చెప్పండి.

జుట్టు ఊడుతుందన్న భయం పెట్టుకోకండి. ఊడేది చెమట, నూనె పట్టిన మెత్తలను నెలల తరబడి ఉతక్కపోతే వచ్చే చుండ్రు, దురద వల్ల కావొచ్చు. మెత్తలు విడిగా వస్తాయి, వారానికోసారి సబ్బు నీళ్లలో పిండి నీడన ఆరేయండి. లోపల పల్చటి నూలు టోపీ పెట్టుకుంటే చెమట కళ్లలోకి కారదు. హెల్మెట్‌ను ఎండలో ఉన్న కారులో వదిలేయకండి. పెట్రోల్, థిన్నర్ లాంటివి దాని దగ్గరకు రానివ్వకండి, లోపలి థర్మకోల్ కరిగిపోతుంది. ఒకసారి గట్టిగా పడితే పైకి గీత కూడా లేకపోయినా లోపల నలిగిపోయి ఉంటుంది, రెండోసారి నలగదు. పారేసేటప్పుడు పట్టీలు కత్తిరించి పారేయండి, లేకపోతే ఎవరో ఏరుకుని మంచిదేననుకుని పెట్టుకుంటారు. ఇదే కారణంతో పాతది కొనొద్దంటాను. పడకపోయినా మన ఎండలకు, చెమటకు ఐదారేళ్లయ్యాక మార్చుకోవడం మంచిది.

మనవడి సంగతి. వాడికి వాడి కొలతలోనే కొనాలి, "పెరుగుతాడు కదా" అని చొక్కా కొన్నట్టు పెద్దది కొంటే ఉపయోగం లేదు. ఏడాది నిండని పిల్లలను అసలు సైకిల్ ఎక్కించొద్దు, మెడ నిలబడదు. ఇందులో ఒక చిత్రం ఉంది. సైకిల్‌కు హెల్మెట్ అడగని మన నిబంధనలే, 2023 ఫిబ్రవరి 15 నుంచి, 9 నెలల నుంచి 4 ఏళ్ల లోపు పిల్లలను మోటార్ సైకిల్ మీద ఎక్కించుకుంటే తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలంటున్నాయి, అది ఈఎన్ 1078 లాంటి ప్రమాణం ఉన్న సైకిల్ హెల్మెట్ అయినా ఫర్వాలేదంటున్నాయి. అంటే వాడికి నాలుగేళ్లు నిండకపోతే, ఇప్పుడు కొన్నది మీ స్కూటర్ మీద కూడా పనికొస్తుంది. పార్కు దగ్గర ఆగి వాణ్ణి జారుడుబల్ల వైపు వదిలే ముందు మాత్రం హెల్మెట్ తీసెయ్యండి. ఒళ్లు పట్టే సందులో హెల్మెట్ పట్టక ఇరుక్కుంటే, ఆ పట్టీలే గొంతుకు బిగుసుకుంటాయి.